అగ్నిని కాపాడుకొన్న జాతి – జరథుష్ట్ర మతము, దాని మూలములు



గడచిన కార్తికమాసములో నరసరావుపేటయందు ఉపన్యాసము ముగిసిన పిమ్మట ఒక గృహస్థు లేచి నన్నొక సందేహమడిగినాడు. "అయ్యవారూ, మా అబ్బాయి హైదరాబాదులో ఉద్యోగము చేస్తున్నాడు. వాడి పై అధికారి ఒక పార్సీ పెద్దమనిషి. చాలా ధర్మాత్ముడట. వాడిని ఇంటికి భోజనానికి పిలిచినారట. అయితే ఆ మతమువారు అసురులను కొలుస్తారనీ, దేవతలను దయ్యములంటారనీ వాడెక్కడో చదివినాడు. అటువంటి ఇంట మావాడు అన్నము తినవచ్చునా?" అన్నాడు.

సభలో కొందరు నవ్వినారు. నాకు నవ్వు రాలేదు. ఆ గృహస్థు హేళనకు అడుగలేదు. కొడుకు క్షేమము కోరి, భయభక్తులతో అడిగినాడు. పైగా వేదము చదివిన వాడికి ఆ ప్రశ్న చిన్నది కాదు. ఆనాడు ప్రొద్దుపోయినందున మరొక పర్యాయము చెప్పెదనని మాట ఇచ్చినాను. ఈనాటి ప్రసంగము ఆ మాట చెల్లించుకొనుటకే.

జరథుష్ట్రుడు

పార్సీల మతమునకు మూలపురుషుడు జరథుష్ట్రుడు. స్పితమ వంశమువాడు. తండ్రి పౌరుషాస్పుడు, తల్లి దుగ్ధోవ. 'అస్ప' అనగా మన 'అశ్వ' శబ్దమే. జరథుష్ట్ర నామములోని చివరి పదము 'ఉష్ట్ర' – ఒంటె. మొదటి భాగము మన 'జరత్' శబ్దమేనని, ముసలి ఒంటెలు కలవాడని అర్థమని పలువురు పండితుల నిర్ణయము. ఒక మహాపురుషునికి ఇదేమి పేరని ఆశ్చర్యపడవలదు. మన ఋషులలో శ్యావాశ్వుడు లేడా? పశుసంపదయే ధనమైన కాలములో అట్టి పేర్లు గౌరవసూచకములు.

ఆయన కాలమును గూర్చి ఏకాభిప్రాయము లేదు. అలెగ్జాండరునకు 258 సంవత్సరములకు పూర్వమని వారి సంప్రదాయములో ఒక లెక్క కలదు. భాషను బట్టి పరిశీలించిన పండితులు అనేకులు క్రీ.పూ. 1500 – 1000 సంవత్సరముల నడుమ అని తలచుచున్నారు. ఆయన జన్మించినది ఇరాను దేశమునకు తూర్పుదిక్కుగా, మధ్య ఆసియా ప్రాంతములలో. స్వజనులు ఆదరింపకపోగా వేరొక రాజ్యమునకు వెడలి, విష్టాస్పుడను రాజు ఆశ్రయములో తన బోధను నిలిపినాడు. ఆయన నోట వెలువడిన గీతములకు 'గాథలు' అని పేరు. ఆ పదమునకు నేను అర్థము చెప్పనక్కరలేదు. అవి మొత్తము 17. వారి ఆరాధనా గ్రంథమైన 'యస్న'లోని 72 అధ్యాయముల మధ్య అవి పొదిగి ఉన్నవి. యస్న అనగా యజ్ఞమే.

వేదభాష, అవెస్తా భాష

వారి పవిత్ర వాఙ్మయమునకు 'అవెస్తా' అని పేరు. ఆ భాషను మొదటిసారి విన్న వేదపండితునికి, దూరదేశమున స్థిరపడిన దాయాది చాలాకాలమునకు ఇంటికి వచ్చి మాటలాడినట్లు తోచును. యాస వేరు, మాట ఒక్కటే. మన 'స'కారము అనేక స్థలములలో వారికి 'హ'కారమగును. సోమము – హఓమ. సప్త – హప్త. అసుర – అహుర. మన సింధువు వారికి హిందువు. మనము నేడు ఏ నామముతో లోకమున ప్రసిద్ధులమై యున్నామో ఆ 'హిందూ' శబ్దము వారి ఉచ్చారణయే. వారి 'వెందిదాద్' గ్రంథము తొలి అధ్యాయములో అహుర మజ్దా సృజించిన 16 దేశములను చెప్పుచు, 15వ దానిగా 'హప్త హిందు'ను పేర్కొన్నారు. అది మన సప్తసింధువు.

మన హోత వారికి 'జఓతర్'. మన అథర్వుడు వారికి 'ఆథ్రవన్'. మన మంత్రము 'మంథ్ర'. మన యజతులు వారికి 'యజత'లు. మిత్రుడు 'మిథ్ర', అర్యముడు 'ఐర్యమన్', నరాశంసుడు 'నైర్యోసంఘ'. వివస్వంతుని కుమారుడు యముడు మనకు. వివన్హ్వంతుని కుమారుడు యిముడు వారికి. యిమునకు 'క్షఏత' అనగా తేజస్సు గలవాడని విశేషణము. ఆ రెండు పదములు కలిసి కాలక్రమమున 'జమ్‌షీద్' అయినవి. జంషెడ్‌పూరు పోయి వచ్చినవారు మనలో ఎందరో ఉన్నారు. ఆ ఊరి పేరులో యమధర్మరాజు దాగి ఉన్నాడని ఎందరికి తెలియును?

ఛందస్సు కూడ అట్టిదే. 'స్పెంత మైన్యు' గాథలో పాదమునకు 11 అక్షరములు, పద్యమునకు 4 పాదములు. మన త్రిష్టుప్పును చదివిన బాలుడు ఆ లెక్కను వెంటనే పోల్చుకొనును.

ఈ సామ్యమును లోకమునకు విశదపరచినవారిలో మార్టిన్ హాగ్ అను జర్మను పండితుడు ముఖ్యుడు. ఆయన 1859 మొదలుగా కొన్ని సంవత్సరములు పుణ్యపట్టణములో సంస్కృతాధ్యాపకుడుగా ఉన్నాడు. అవెస్తాలో గాథలు మాత్రమే జరథుష్ట్రుని స్వవాక్కులని వింగడించి చూపినవాడు ఆయన. మన ఐతరేయ బ్రాహ్మణమును 1863లో ముద్రించినవాడును ఆయనయే. ఆయనకు ఎన్నో శతాబ్దములకు పూర్వమే నేర్యోసంగ్ ధవల్ అను పార్సీ పురోహితుడు యస్నను సంస్కృతములోనికి అనువదించినాడు. పార్సీలు మన భాషలో తమ ధర్మమును చెప్పుకొన్నారన్న మాట.

అసుర శబ్దము

ఇక అసలు సందేహమునకు వత్తము. వారి పరమేశ్వరుని పేరు అహుర మజ్దా. 'మజ్దా' మన 'మేధా' శబ్దమునకు తోబుట్టువు. మహామేధావియైన ప్రభువని భావము. 'అహుర' అనగా అసురుడు. ఇక్కడనే గృహస్థుకు భయము కలిగినది.

అయ్యా, ఋగ్వేదమును తెరచి చూడుడు. అందులో వరుణుడు అసురుడు. సవిత అసురుడు. ఇంద్రునికి, అగ్నికి, రుద్రునికి కూడ ఆ బిరుదు కలదు. మూడవ మండలములోని ఒక సూక్తము దేవతల అసురత్వము గొప్పదని, ఒక్కటియేనని ప్రతి ఋక్కు చివరను కీర్తించుచున్నది. 'అసు' అనగా ప్రాణమని యాస్కుడు చెప్పినాడు. ప్రాణబలము గలవాడు, ప్రాణము నిచ్చువాడు అసురుడు. అటుపిమ్మట మన వాఙ్మయములో ఆ శబ్దము క్రమముగా దేవవిరోధులకు రూఢమైనది. మొదటి 'అ'కారమును నిషేధార్థకముగా గ్రహించి, 'సుర' అను క్రొత్త పదమును విడదీసికొన్నారు. ఇరానులో దీనికి విపర్యయము జరిగినది. అక్కడ 'అహుర' శబ్దము పైకి లేచినది, 'దఏవ' శబ్దము క్రిందికి జారినది. వెందిదాదులో ఇంద్రుడు, శర్వుడు, నాసత్యుడు దుష్టశక్తుల జాబితాలో ఉన్నారు. ఉన్నమాట దాచరాదు.

అయితే చిత్రము చూడుడు. ఇంద్రుని పేరు పోయినది గాని ఇంద్రుని పని పోలేదు. వృత్రఘ్నుడు వారికి 'వెరెథ్రఘ్న' అను ఆరాధ్యదేవత. ఆ పేరే కాలక్రమమున 'బెహ్‌రామ్' అయినది. పార్సీల అగ్నులలో అత్యున్నతమైన దానికి 'ఆతష్ బెహ్‌రామ్' అని పేరు. అనగా వృత్రఘ్నుని అగ్ని. తలుపు దగ్గర వెళ్లగొట్టిన అతిథి గర్భాలయములో కూర్చున్నాడు. రెండు కుటుంబములు పేర్లను గూర్చి కలహించినవి. పూజించిన వస్తువు మాత్రము చాలవరకు మారలేదు. అసురకులములో పుట్టిన ప్రహ్లాదుని భక్తాగ్రగణ్యుడని కొలుచు మనకు పేరును చూచి భయపడుట తగునా?

ఇక్కడ ఇంకొక హెచ్చరిక కూడ చేయవలసి ఉన్నది. మనలో కొందరు ఉత్సాహవంతులు "అదంతయు మన వేదము నుండి తీసికొన్నదే" అని వేదికలపై చెప్పుచుందురు. నేనట్లు చెప్పజాలను. పార్సీలలో కొందరు దీనిని తలక్రిందులు చేసి చెప్పినను అంతే. తల్లి ఒకతె, బిడ్డలిద్దరు. పెద్దవాడెవడని తగవులాడుట కంటె తల్లి పోలికలు ఇద్దరిలో చూచి ఆనందించుట మేలు. ఋతమును గూర్చి మాటలాడునపుడు అనృతము చెప్పరాదు.

వారి విశ్వాసములు

వారి ధర్మమునకు నడిమి స్తంభము 'అష'. ఇది మన ఋతమే. సూర్యచంద్రులు నియమము తప్పకుండుట, మనుష్యుడు సత్యము తప్పకుండుట – ఈ రెండును ఒకే ధర్మమని అర్థము. దానికి విరుద్ధమైనది 'ద్రుజ్'; మన ద్రోహము. ఆదిలో రెండు మనోవృత్తులు కవలలవలె ప్రకటమైనవని, ఒకటి మేలును, రెండవది కీడును వరించినవని గాథలలో ఉపదేశము. కీడును వరించినది అంగ్ర మైన్యు. తరువాతి భాషలో అహ్రిమాన్. ప్రతి మానవుడును తన బుద్ధితో ఈ రెండింటిలో ఒకదానిని ఎన్నుకొనవలెను. విధి నెపము చెప్పి తప్పించుకొనుటకు వీలు లేదు.

అహుర మజ్దాకు ఆరు దివ్యశక్తులు పరివారము. వాటిని మన భాషలోనికి మార్చిన వసుమనస్సు, ఋతము, క్షత్రము, అరమతి, సర్వతాతి, అమృతత్వము అగును. ఆచరణమునకు వారిచ్చిన సూత్రము మూడు మాటలు: హుమత, హూఖ్త, హ్వర్ష్త. అనగా సుమతము, సూక్తము, సుకృతము. మంచి తలంపు, మంచి మాట, మంచి పని. మనము త్రికరణశుద్ధి అందుము. ఇంతకంటె వేరు వ్యాఖ్యానము అక్కరలేదు.

బాలబాలికలకు, సాధారణముగా ఏడవ యేడు మొదలుకొని యుక్తవయస్సు రాకముందే, 'నవ్‌జోత్' అను సంస్కారము చేయుదురు. తెల్లని 'సుద్రె' అను అంగీని తొడిగి, 'కుస్తీ' అను ఉన్నిత్రాటిని నడుమునకు మూడు చుట్లు చుట్టుదురు. అందులో 72 పోగులు, యస్న అధ్యాయములకు గుర్తు. చాలమంది దీనిని యజ్ఞోపవీతముతో పోల్చుదురు. భుజముమీద గాక నడుమునకు ముమ్మారు చుట్టునది కనుక, నాకు మాత్రము ఉపనయనములో వటువునకు కట్టు మౌంజీమేఖల గుర్తునకు వచ్చును. పైగా వారు ఆడపిల్లలకు కూడ ఈ సంస్కారము చేయుదురు.

భేదములు కూడ చెప్పవలెను. వారికి పునర్జన్మ సిద్ధాంతము లేదు. మరణించిన నాల్గవనాటి ఉదయమున జీవుడు 'చిన్వత్' అను సేతువును దాటవలెను. ధర్మాత్మునికి అది విశాలమగును, పాపికి కత్తివాదరవలె సన్నగిల్లును. కడపట లోకమంతయు శుద్ధమై, మృతులు లేచి, కీడు నశించునని వారి విశ్వాసము. సన్న్యాసము లేదు. గృహస్థాశ్రమము, వ్యవసాయము, పశుపాలన, దానము పుణ్యకార్యములు. మన పలనాటి రైతు ఈ మాట విన్న సంతోషించును.

అగ్ని

పార్సీలు అగ్నిపూజకులని లోకములో వాడుక. ఆ మాట వారికి నచ్చదు. అగ్ని వారికి పరమేశ్వరుని ప్రకాశరూపమైన గుర్తు, సాక్షి. ఆతష్ బెహ్‌రామ్, ఆదరాన్, దాద్గాహ్ అని అగ్నులు మూడంతస్తులు. ఆతష్ బెహ్‌రామ్ ప్రతిష్ఠకు 16 విధములైన అగ్నులను తెత్తురు. కుమ్మరి ఆవములోనిది, కమ్మరి కొలిమిలోనిది, కంసాలి కుంపటిలోనిది, పిడుగు పడినప్పుడు పుట్టినది, శవదహనాగ్ని కూడ అందులో ఉన్నవి. వాటినన్నిటిని పలుమార్లు శుద్ధి చేసి ఒక్కటిగా చేర్చుదురు. ఆ అగ్నిలో అంటరాని వృత్తి లేదు, తక్కువ నిప్పు లేదు. ఈ విషయమును మీరు ఇంటికి వెళ్లి ఆలోచింపుడు.

నా గురువుగారు నిత్యాగ్నిహోత్రులు. బాల్యమున నేనొకనాడు చలికి వణకుచు, అగ్ని రగులకపోగా నోటితో ఊదబోయినాను. ఆయన నా చేయి పట్టుకొని, "ఎంగిలి ఊపిరి తగిలింపకుము" అని విసనకర్ర అందించినారు. ఎన్నో ఏండ్ల తరువాత, పార్సీ పురోహితుడు అగ్నిని సేవించునపుడు తన ఊపిరి తగులకుండ 'పదాన్' అను తెల్లని గుడ్డను ముక్కునకు, నోటికి కట్టుకొనునని తెలిసినది. ఆ గుడ్డను గూర్చి చదువుచున్నపుడు గురువుగారి చేయి నా చేతిమీద ఉన్నట్లే అనిపించినది.

ఇరాను నుండి సంజాను వరకు

హఖామనీ వంశపు దారయవహుడు బెహిస్తూను శిలాశాసనములో తన విజయములన్నియు అహుర మజ్దా అనుగ్రహమని చెప్పుకొన్నాడు. క్రీ.పూ. 330లో అలెగ్జాండరు పర్సెపోలిసు నగరమును దగ్ధము చేసినాడు. తమ గ్రంథములు అప్పుడే చెదరిపోయినవని వారి సంప్రదాయము. క్రీ.శ. 224లో సాసానీ వంశమును స్థాపించిన అర్దషీరు తన నాణెములమీద అగ్నివేదికను ముద్రించినాడు. 'అర్దషీర్' అనునది ప్రాచీనరూపములో ఋతక్షత్రుడు. ఋతముచేత ఏలువాడని అర్థము. 642లో నిహావందు యుద్ధమున అరబ్బులచేతిలో పారసీక సేన ఓడినది. 651లో కడపటి చక్రవర్తి మూడవ యజ్దగిర్దు హతుడైనాడు.

తరువాతి శతాబ్దములలో కొందరు అగ్నితో, ఆచారముతో పడవలెక్కి గుజరాతు తీరమున సంజాను చేరినారు. ఆ కథను 1600 ప్రాంతమున బహ్మన్ కైకోబాద్ అను పురోహితుడు 'కిస్సా-ఎ-సంజాన్' అను పారసీక కావ్యముగా వ్రాసినాడు. అక్కడి రాజు జాదీరాణా తమ ధర్మమును వివరించుమని అడిగి, దేశభాష నేర్చుకొనవలెనని, స్త్రీలు ఈ దేశపు కట్టు కట్టవలెనని, ఆయుధములు విడువవలెనని నియమములు పెట్టి చోటిచ్చినాడట. నిండు పాలగిన్నెలో చక్కెర కలిపిన కథ ఆ కావ్యములో లేదు, అది జనశ్రుతి. అయినను జనశ్రుతి అబద్ధమాడలేదు. పాలు పొంగలేదు, తీపి మాత్రము పెరిగినది. దాదాభాయి నౌరోజీ, జంషెడ్‌జీ టాటా, హోమీ భాభా, ఫీల్డు మార్షల్ మానెక్‌షా – ఈ పేర్లు విన్న ఎవరైనను ఈ మాట ఒప్పుకొందురు. నాడు ప్రతిష్ఠించిన అగ్ని 'ఇరాన్‌షా' అను పేరుతో, పలుతావులు మారి, 1742 నుండి ఉద్వాడలో వెలుగుచునే ఉన్నది.

తెలుగునేలపై

తెలుగుదేశమునకు పార్సీలు ముఖ్యముగా నిజాము రాజ్యముద్వారా వచ్చినారు. విక్కాజీ మెహెర్జీ, పెస్తన్‌జీ మెహెర్జీ సోదరులు ప్రత్తి వ్యాపారము చేసి, నిజాము ప్రభుత్వమునకు అప్పులిచ్చు షరాబులైనారు. వారి పేర 1847లో సికింద్రాబాదున అగ్న్యాలయము వెలసినది. 1904లో హైదరాబాదున మానెక్‌బాయి నస్సర్వాన్‌జీ చెనాయి పేర రెండవది, 1920లో సికింద్రాబాదున ఎదుల్‌జీ సొహ్రాబ్‌జీ చెనాయి పేర మూడవది నిర్మితములైనవి. సికింద్రాబాదు దాపున పార్సీగుట్ట అను పేట పేరు విననివారు తక్కువ.

నేనొకసారి వేదసభకు సికింద్రాబాదు వెళ్లినపుడు ఆ అగ్న్యాలయము ద్వారము వెలుపల నిలిచి నమస్కరించి వచ్చినాను. అన్యులకు లోపలికి ప్రవేశము లేదు. నాకు కష్టము తోచలేదు. మన గర్భాలయములకు మాత్రము నియమములు లేవా? వెలుపలికి చందనపు సువాసన వచ్చినది. అది చాలునని తలచినాను.

మరొక విశేషము. 1932లో విడుదలయైన మన తొలి తెలుగు మాటల చిత్రము 'భక్త ప్రహ్లాద'. దానికి దర్శకులు హెచ్.ఎం. రెడ్డిగారు; నిర్మాత అర్దెషీర్ ఇరానీ అను పార్సీ. ఋతక్షత్రుడను పేరు గలవాడు హరిభక్తుని కథను తెలుగువారికి వినిపించినాడు.

మన పలనాటికి కూడ ఈ కథతో పొత్తు కలదు. మాచర్ల దాపున నాగార్జునకొండలో ఇక్ష్వాకు వంశకర్త వాసిష్ఠీపుత్ర శాంతమూలుడు క్రీ.శ. 3వ శతాబ్దిలో అగ్నిహోత్ర, అగ్నిష్టోమ, వాజపేయ, అశ్వమేధములు చేసెనని శాసనములు చెప్పుచున్నవి. అర్దషీరు తన నాణెముమీద అగ్నివేదికను ముద్రించిన శతాబ్దియే అది. కృష్ణాతీరమున ఒక వేదిక, ఇరానులో ఒక వేదిక, ఒకరినొకరు ఎరుగరు. శాంతమూలుని కుమారుడు వీరపురుషదత్తుని రాణులలో రుద్రధరభట్టారిక ఉజ్జయిని మహారాజు కూతురు. ఆనాడు ఉజ్జయినిని ఏలినవారు క్షత్రపులు. 'క్షత్రప' శబ్దము ఇరాను నుండి వచ్చినది. రాజ్యమును కాపాడువాడని అర్థము. ఆ విధముగా ఆ దేశపు బిరుదు ధరించిన వంశపు ఆడపడుచు మన పలనాటికి కోడలై వచ్చినది.

పోయినవి, మిగిలినవి

అవెస్తా మొదట 21 'నస్కు'లుగా ఉండెనట. వారి మహామంత్రమైన 'అహున వైర్య'లో పదములు 21. పదమునకొక నస్కని వారి లెక్క. నేడు ఆ 21లో సంపూర్ణముగా మిగిలినది వెందిదాద్ ఒక్కటియే అందురు, తక్కినవి శకలములు. ఈ సంఖ్య విన్నపుడు నా గుండె ఉలికిపడినది. మన ఋగ్వేదమునకు శాఖలు 21 అని పతంజలి మహాభాష్యములో ఉన్నది. నేడు అధ్యయనములో ఎన్ని ఉన్నవి? వ్రేళ్లమీద లెక్కింపవలసినవే. వారి గ్రంథములను అలెగ్జాండరు తగులబెట్టినాడని వారు చెప్పుకొందురు. మన శాఖలను ఎవరు తగులబెట్టినారు? ఎవరును లేరు. చదువుటకు పిల్లవాడు లేక ఒక్కొక్కటే ఆరిపోయినది.

పార్సీల జనసంఖ్య 1941లో 1,14,000కు పైగా ఉండగా, 2011 జనగణనలో 57,264 మాత్రమే. వివాహములు ఆలస్యమగుట, సంతానము తగ్గుట, వలసలు, అన్యమతస్థులను స్వీకరింపకుండుట కారణములు. మతాంతర వివాహము చేసికొన్న స్త్రీల బిడ్డలను గూర్చి వారిలో వారికి తర్జనభర్జనలున్నవి. అది వారింటి విషయము, తీర్పు చెప్పుటకు మనమెవరము? అయినను ఒక జాతి తన అగ్నిని వేల సంవత్సరములు ఆరనీయక, ఇప్పుడు సమిధ వేయుటకు చేతులు చాలక దిగులుపడుచుండగా, దాయాదులమైన మనకు ఆ దిగులు తెలియవలదా?

ఇప్పుడు ఆ గృహస్థుకు నా సమాధానము. అయ్యా, మీ అబ్బాయిని తప్పక వెళ్లమని చెప్పుడు. భోజన నియమముల విషయములో మీ ఇంటి ఆచారమును వినయముగా విన్నవించుకొమ్మనుడు. నియమము విలువ ఎరిగిన ఆ పెద్దమనిషి దానిని గౌరవించును. ఆయనను మీ ఇంటికి కూడ పిలువుడు. బ్రహ్మనాయుడు చాపకూడు పెట్టిన నేల ఇది. అతిథి కులమతములను అడిగి విస్తరి వేయుట పలనాటికి తగదు. ఆయన వచ్చినపుడు మీ దేవుని గదిలో దీపము వెలుగుచుండవలెను. ఆయన దానిని చూచి చేతులు జోడించును. ఎందుకో ఆయనకు తెలియును, ఈనాటి నుండి మీకును తెలియును.

స్వస్తి.